మోటారు సైకిలుపై తల యదురుట: గాలి అద్దము చేయు మేలును కీడును

గత సంవత్సరము శ్రావణమాసమున మా పూర్వవిద్యార్థి యొకడు మమ్ము జూడవచ్చెను. అతడు రాజోలులో కాపురముండి, ప్రతిదినమును మోటారు సైకిలుపై దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లునకు ఉద్యోగమునకు బోయి వచ్చుచుండును. వాకిట బండి నిలిపి లోనికి వచ్చిన యతని తలపై హెల్మెట్టు లేదు. అది హ్యాండిలునకు వ్రేలాడుచుండెను. కారణ మడుగగా, "మాస్టారూ, అది పెట్టుకుంటే తల ఒకటే అదురండి. మెడ పీకేస్తోంది. చెవుల్లో హోరు. వంతెన మీద మరీనండి. ఆ హెల్మెట్టే పాడుదండి" అని చెప్పెను. వంతెన యెక్కుటకు ముందే దానిని తీసి హ్యాండిలునకు తగిలించుకొనుచున్నాడట.

మేమా హెల్మెట్టును చేతబట్టి చూచితిమి. అది ఐ.ఎస్. 4151 అను ముద్ర గలది, తలకు సరిపోవునది, పట్టీ చెడనిది. రెండేండ్లుగా అతడు దానినే ధరించుచుండెను. రెండేండ్లు లేని బాధ ఈ నెలలో నెట్లు వచ్చినదని ప్రశ్నింపగా, కొంత యాలోచించి, నెల క్రిందట బండికి ముందువైపున విండ్‌షీల్డు అను గాలి అద్దమును బిగించుకొంటినని చెప్పెను. వానచినుకులు రొమ్మును గొట్టకుండుటకును, వంతెనపై గాలి తాకుడు తగ్గుటకును దానిని కొనెనట. గాలిని ఆపుటకు దెచ్చిన వస్తువే గాలిచేత తలను గొట్టించుచున్నదని మేము చెప్పగా నతడు నమ్మలేదు. ఆ సంగతిని ఋజువు చేయుటకు మాకు మూడు శనివారపు ఉదయములు పట్టినవి. ఈ దినములలో మన విద్యార్థుల యింటింటను మోటారు సైకిలు గలదు గనుక, ఆ మూడు దినములలో మేము గ్రహించిన సంగతులను ఇచ్చట వివరించుచున్నాము. ద్విచక్రవాహనముపై శిరస్త్రాణము ధరింపవలెనని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను విధించుచున్నది. చట్టము మాట యటుండనిండు. వంతెనపై పడినవాని తల క్రింద నుండునది గోదావరి యిసుక కాదు, కాంక్రీటు.

గాలి తేలికయైన వస్తువని మన మనుకొందుము. మన తీరమున వేడి దినములలో ఒక ఘనమీటరు గాలి సుమారు 1.15 కిలోగ్రాములు తూగును. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగమున బోవునపుడు, ఎదురుగా నిలిపిన ఒక చదరపు మీటరు పలకపై గాలి యొత్తిడి దాదాపు 7 కిలోల బరువంత యుండును. వేగము 80 అయినచో ఒత్తిడి రెండింతలు గాదు, నాలుగింతలు; అనగా సుమారు 29 కిలోలు. మనిషి తలయు రొమ్మును భుజములును గలిసి అర చదరపు మీటరునకు లోపే యగుటచేత, ఆ వేగమున పది పన్నెండు కిలోల త్రోపు అతనిపై బడును. పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును: వేగమును సెకనుకు మీటర్లలోనికి మార్చి, వర్గము చేసి, గాలి సాంద్రతలో సగముచే గుణించిన చాలును, వచ్చిన ఫలము న్యూటనులలో నుండును.

అయితే ఈ త్రోపు తలను అదరగొట్టునది కాదు. నిలుకడగా త్రోయు చేతికి దేహము అలవాటుపడి ఎదురు నిలుచును. నిలుకడగా త్రోయు చేయి వేరు, ఎడతెగక జెల్లకాయలు కొట్టు చేయి వేరు. మెడ నొప్పికి హేతువు రెండవది. సాఫీగా వచ్చు గాలికి ఈ కొట్టుడుగుణ మెక్కడనుండి వచ్చినదని విచారింపవలెను.

గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చిన దినములలో వంతెనపై నిలిచి స్తంభముల దిగువవైపు చూచినవారికి ఈ విషయము కంటికే కనబడును. నీరు స్తంభమునకు ముందు చీలి, వెనుక వెంటనే కలియజాలక, ఒకమారు ఎడమ ప్రక్కను, ఒకమారు కుడి ప్రక్కను సుడులను విడుచుచు పోవును. కొట్టుకొనివచ్చిన కొబ్బరిమట్ట యేదైన నచ్చట చిక్కినచో అటునిటు తల యూపుచు దిగజారును. జర్మనీ దేశమున గాటింగెన్ నగరమునందు 1911వ సంవత్సర ప్రాంతమున ప్రాంటల్ అను ఆచార్యుని శిష్యుడు హీమెంజ్ అనువాడు నీటికాలువలో గుండ్రని స్తంభమును నిలిపి, దానిపై ఒత్తిడిని కొలువ బూనెను. ప్రవాహము నిలుకడగా నుండక ఊగుచుండెను. స్తంభము సరిగా గుండ్రముగా లేదేమోయని అతడు దానిని మరల చెక్కి సరిచేసెను. కాలువ సమముగా లేదేమోయని దానిని దిద్దెను. ఊగుట మానలేదు. అచ్చటనే పనిచేయుచుండిన థియొడోర్ వాన్ కార్మన్ దీనిని గమనించి, తప్పు స్తంభమునందును లేదు, కాలువయందును లేదు, సుడులు వంతులవారీగా విడివడుటయే ఆ ప్రవాహమునకు స్వభావమని గణితముచే చూపెను. మా పూర్వవిద్యార్థి హెల్మెట్టును నిందించుట హీమెంజ్ తన స్తంభమును నిందించిన చందముననే యున్నది.

ఈ సుడుల వేగమును ఉజ్జాయింపుగా లెక్కింపవచ్చును. 40 సెంటీమీటర్ల వెడల్పుగల స్తంభమునకు గంటకు 60 కిలోమీటర్ల గాలి తగిలినచో, దాని వెనుక గాలి సెకనుకు సుమారు 8 మారులు అటునిటు ఊగును. గాలి అద్దము స్తంభము కాదు గనుక ఈ సంఖ్య దానికి అక్షరాల వర్తింపదు. కాని మోటారు సైకిలువారు చెప్పు అదురుడు ఇంచుమించు ఆ తరగతికి జెందినదే.

ఇక అద్దము సంగతి. అద్దపు పైఅంచును దాటి బోవు గాలి మిక్కిలి వేగము గలది. అద్దము చాటున నున్న గాలి దాదాపు కదలనిది. లాకు తలుపు సందునుండి దూకు నీటికిని, ప్రక్కన నిలిచియున్న నీటికిని నడుమ నురుగులు గ్రక్కుచు సుడులు దొర్లుట మన పిల్లలందరును చూచినదే. అట్లే వేగపు గాలికిని, చాటు గాలికిని నడుమ ఒక సుడుల పొర యేర్పడును. ఆ పొర తలపైనుండి పోయినను బాధ లేదు. గడ్డమునకు దిగువగా భుజములకు దగిలినను అంతగా బాధ లేదు. సరిగా హెల్మెట్టే ఆ పొరలో నిలిచినచో జెల్లకాయలు తప్పవు. అద్దమే లేనప్పుడు రొమ్మునకు గాలి గట్టిగా దగులును గాని, తలకు వచ్చునది సాఫీగాలి.

అంగడివాడు ఇంకను ఎత్తయిన అద్దమును కొనుమని యతనికి సలహా చెప్పెనట. అంగడివాని ధర్మ మది. ఎత్తు పెరిగినకొలది చాటు పెద్దదగును. ఆ చాటున ఒత్తిడి తగ్గి, వెనుకనుండియు ప్రక్కలనుండియు గాలి దానిలోనికి దొర్లివచ్చి వీపును ముందునకు నెట్టును. అదిగాక వానలో అద్దముగుండ చూచుట కష్టము. అద్దము పైనుండి త్రోవ కనబడవలెను గనుక దాని యంచు కంటిచూపునకు దిగువనే యుండవలెను. కావున ఎత్తు పెంచుటతో ముగియు వ్యవహారము కాదిది.

మొదటి శనివారము తెల్లవారుజామున, గాలి కదలని వేళ, రాజోలునుండి దిండి వఱకు అతడు అద్దమును పూర్తిగా తీసివైచి బండి నడపెను. రొమ్మునకు గాలి తగిలినదిగాని తల నిశ్చలముగా నుండెను. చెవిలో ధ్వని యుండినను ఒకే తీరున నుండెను. తిరుగుదలలో అద్దము బిగించి, అదే త్రోవను, అదే హెల్మెట్టుతో నడపెను. 40 వేగమున బాధ యల్పము. 55 దాటగనే తల యదరసాగెను. హెల్మెట్టునందు దోషము లేదని అతడంతట నొప్పుకొనెను. ఒక్కమారు ఒక్కటే మార్పు చేయవలెనని మేము తరగతిలో చెప్పునది అతనికి ఇరువది యేండ్లకు అక్కఱకు వచ్చినది.

రెండవ శనివారము బెత్తెడు పొడవుగల నూలుపోగులను అద్దపు అంచునను, హెల్మెట్టు నుదుటిపైనను, చొక్కా భుజములమీదను టేపుతో నంటించితిమి. మేము వెనుక గూర్చుండి, నిర్జనమైన త్రోవలో సెల్‌ఫోనుతో చిత్రము దీసితిమి. ఇంటికి వచ్చి నెమ్మదిగా త్రిప్పి చూడగా, భుజములపై పోగులు వెనుకకు చక్కగా వ్రాలియున్నవి. హెల్మెట్టుపై పోగులు మాత్రము గిఱ్ఱున దిరుగుచు, నడుమ నడుమ ముందువైపునకు, అనగా గాలికెదురుగా, నిక్కుచున్నవి! గాలి వెనుకకు బోవుచోట పోగు ముందునకు నిక్కినదనగా అచ్చట సుడి దొర్లుచున్నదని యర్థము. పిదప అతడు నాలుగు వ్రేళ్ల మేర తల వంచి నడపగా అదురు దాదాపు నిలిచెను. తల క్రిందికి దిగినచో బాధ తొలగుచున్నది గనుక, సుడుల పొరను అంతమేర పైకి లేపవలెను, లేదా దాని యుధృతిని తగ్గింపవలెను. ఈ రెండు పనులకొఱకే డిఫ్లెక్టరులు అను మళ్ళింపు రేకులు వచ్చినవి.

వానికి ముందు ఖర్చు లేని ఉపాయ మొకటి కలదు. అతని అద్దము అడుగుభాగము హెడ్‌లైటునకు అంటుకొని, క్రిందినుండి గాలి చొరకుండ మూసియుండెను. బోల్టుల వద్ద లావుపాటి వాషరులు వైచి, బొటనవ్రేలు దూరునంత సందు చేసితిమి. ఆ సందున కొంత గాలి పైకి ఎగసి చాటును నింపును. చాటున ఒత్తిడి పెరిగినకొలది పైనుండి దొర్లివచ్చు సుడుల బలము తగ్గును. ఇంతమాత్రముననే బాధ సగమైనదని అతడు చెప్పెను. కొలిచిన సగము కాదది, మెడ చెప్పిన సగము.

మూడవ శనివారము అసలు రేకును బెట్టితిమి. ఇది అఱచేతి యెత్తుగల వంపు పలక. అద్దపు పైఅంచునకు రెండు క్లాంపులతో బిగించుకొనునది. ముందునకు వెనుకకు వంచుకొనుటకు కీలు గలది. ఇటలీలో గివి, స్పెయినులో పుయిగ్, జర్మనీలో ఎం.ఆర్.ఏ. అను సంస్థలు ఇట్టి వానిని చేయుచున్నవి. మన దేశపు పనితనముగలవియు దొరకును. దీనిని అద్దమునకు అంటించి పెట్టరాదు. రేకునకును అద్దపు అంచునకును నడుమ రెండు వ్రేళ్ల సందుండవలెను. ఎత్తు పెంచుట ఆ రేకు పనిలో సగమే. ఆ సందునుండి దూసుకొనివచ్చు సాఫీగాలి సుడుల పొరను పలుచన చేయుట తక్కిన సగము. విమానపు రెక్క ముందంచున చీలికలుంచుటయు కొంతవఱకు ఈ తీరు పనియే. మేము ముందుగా ప్లాస్టిక్కు ఫైలు అట్టను గత్తిరించి, కట్టి, 40 వేగమునకు మించకుండ పరీక్షించి, ఎత్తు సరిపోవునని తోచినపిమ్మట పాలికార్బొనేటు రేకును కొనిపించితిమి. తొలుత దానిని మిక్కిలి నిలువుగా నుంచగా అదురు మునుపటికంటె హెచ్చెను. కొంచెము వెనుకకు వాల్చగా తగ్గెను. మఱికొంచెము వాల్చగా 60 వేగమున హెల్మెట్టుపై పోగులు వెనుకకు వ్రాలినవి. అంతట అతని ముఖమున సంతోషము జూడవలసినది.

ఆ సంతోషము సాయంకాలము వఱకే నిలిచెను. వెనుక గూర్చున్న భార్య, తనకిప్పుడు తల యదురుచున్నదని చెప్పెనట. ముందువాని తలను దాటిన సుడుల పొర వెనుకవారి తలపై దిగుట వింత కాదు. ఇద్దరును గూర్చుండి సవరించుకొనగా, రేకును వ్రేలెడు దించినపిదప ఇద్దరికిని సహింపదగినంత కుదిరినది. ఒకరి యెత్తునకు సరిపోయిన కొలత మఱియొకరికి సరిపోదు. కావున స్నేహితుని బండికి బాగున్నదని అదే కొలతను తెచ్చి బిగించుట వలన ప్రయోజనము లేదు.

ముందరి ఫోర్కునకు ఇరుప్రక్కల బిగించు చిన్న రేకులు మఱియొక జాతివి. పెట్రోలు ట్యాంకు క్రిందినుండి రొమ్ము మీదుగా గడ్డమునకు ఎగసివచ్చు గాలిని అవి ప్రక్కలకు మళ్ళించును. శీతలదేశములలో వానిని మెచ్చుకొందురు. మా బండికి ఒకమారు పెట్టి చూచితిమి; ఇంజను వేడి మోకాళ్లను గాల్చగా ఏప్రిలు నెలలో ఊడదీసితిమి. గాలి దగిలి చల్లబడవలసిన ఇంజను రెక్కలకు అడ్డుగా ఏదియు పెట్టరాదు.

బిగించినపిమ్మట హ్యాండిలును ఈ చివరనుండి ఆ చివరకు త్రిప్పి, తీగలు లాగబడకుండుటయు, వ్రేళ్లు నలుగకుండుటయు, దీపపు వెలుగునకు అడ్డము లేకుండుటయు చూచుకొనవలెను. యాక్రిలిక్ రేకు చవుకయైనను పడినపుడు పెంకులై చీలును, పాలికార్బొనేటు వంగును. దీనిని పెట్రోలుతో తుడిచినచో సన్నని పగుళ్లు వచ్చును, సబ్బునీరు చాలును.

ఇప్పటివఱకు చెప్పినదంతయు ఎదురుగాలి మాట. ప్రక్కగాలి దారి వేరు. మా చిన్నతనమున దిండి రేవునను, ఎదుర్లంక రేవునను బండిని పంటుపై నెక్కించి నది దాటుచుండిరి. గాలి వేగముగా నున్నచో పంటువాడే ఆగుమనెడివాడు. ఇప్పుడు వంతెన యెవరిని ఆగుమనదు. కొబ్బరితోటల నడుమ త్రోవ పోవునంతసేపు గాలి మనకు దెలియదు. తోట ముగిసి వంతెన యెక్కగనే, ముఖ్యముగా నైరుతిఋతుపవన దినముల మధ్యాహ్నమున, ప్రక్కనుండి ఒక్కసారిగా గొట్టును. బండి 60 వేగమున బోవుచుండ, ప్రక్కనుండి 30 వేగపు గాలి వచ్చినదనుకొందము. రెండును గలిసి గాలి మనకు సూటిగా గాక సుమారు 27 అంశల వాలుగా దగులును. అప్పుడు అద్దము ముందునకు కవచము గాదు, ప్రక్కకు తెరచాప. పైగా అది హ్యాండిలుతో పాటు తిరుగునది గనుక, గాలి దానిని నెట్టినచో ముందరిచక్రమే త్రిప్పబడును. ఎదురుగా లారీ వచ్చి దాటినపుడు గాలి ఒక క్షణము ఆగి మరల గొట్టుట దీనికి తోడు.

పందెపు బండ్లవారు ఈ సత్యమును చాల మూల్యము పెట్టి నేర్చుకొనిరి. 1950వ దశకమున ముందరిచక్రమును సయితము కప్పివైచు పెద్ద తొడుగులు పందెములలో వాడుకలో నుండెను. వాని వలన వేగము హెచ్చినది. కాని ప్రక్కగాలికి బండ్లు అదుపు దప్పుచుండెను. 1957వ సంవత్సరపు పందెములతో అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య వానిని నిషేధించెను. తరువాత అమెరికాలో క్రెయిగ్ వెట్టర్ అనునతడు 1971లో విండ్‌జామర్ అను తొడుగును అమ్మకమునకు దెచ్చెను. బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1976లో ఆర్100ఆర్ఎస్ అను బండి తొడుగును ఇటలీలోని పినిన్‌ఫరీనా వారి గాలిసొరంగమున పరీక్షించి తీర్చెను. అట్టి తొడుగు హ్యాండిలునకు గాక చట్రమునకు బిగింపబడియుండుట గమనింపదగినది. గాలి నెట్టినను చక్రము త్రిప్పబడదు. మన చిన్నబండ్లకు పెట్టు అద్దములలో ఈ సదుపాయము అరుదు. కావున అద్దమును రేకును ఎంత చిన్నవిగా నుంచిన అంత క్షేమము.

చెవి సంగతియు చెప్పవలసియున్నది. పెద్ద త్రోవల వేగమున హెల్మెట్టులోపలి హోరు 90 డెసిబెళ్లను దాటును. 85 డెసిబెళ్ల ధ్వనిలో దినమునకు ఎనిమిది గంటలకు మించి యుండరాదని అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యమును పరిశోధించు సంస్థ హద్దు పెట్టినది. రేకు సరిగా కుదిరినప్పుడు హోరు కొంత తగ్గును, కాని పోదు. వేగము తగ్గించినచో మాత్రము తప్పక తగ్గును.

మా పూర్వవిద్యార్థి ఇప్పుడును చించినాడ మీదుగానే పోవుచున్నాడు. హెల్మెట్టు తలమీదనే యున్నది. మొన్న వచ్చినపుడు, జూలై గాలికి వంతెన నడుమ బండి ఇంకను ప్రక్కకు జరుగుచున్నదనియు, దానికి ఏ రేకు పెట్టవలెననియు మమ్మడిగెను. దానికి రేకు లేదనియు, తోట ముగియకముందే వేగమును 40కి దించి, హ్యాండిలును పిడికిటబిగింపక వదులుగా పట్టుకొమ్మనియు చెప్పితిమి. వెళ్లుటకు ముందు అద్దపు బోల్టులను తడవి చూడగా ఉప్పుగాలికి రెండు త్రుప్పు పట్టియున్నవి. వానిని తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించి పంపితిమి.